మొదట కాళ్లకు, తర్వాత చేతికి

హాకీ బంతి, క్రికెట్ బంతి బరువు ఒక్కటే. రెండూ 156 నుంచి 163 గ్రాముల మధ్య ఉండాలని ఆ ఆటల నిబంధనలు చెబుతాయి. చుట్టుకొలతలోనూ పెద్ద తేడా లేదు. కొడుకు కార్క్ బంతితో ఆడుతున్నాడని తెలిస్తే ప్యాడ్లు కట్టుకుంటున్నాడా లేదా అని ఏ తండ్రైనా అడుగుతాడు. అదే పిల్లాడు హాకీ ఆడతానంటే మాత్రం ఇంటిల్లిపాది ఆలోచనా ఒక్క స్టిక్ చుట్టూనే తిరుగుతుంది. ఎంతలో వస్తుంది, ఏ కంపెనీది మంచిది, కట్టెదా కార్బన్‌దా? కాళ్ల సంగతి, పళ్ల సంగతి చివరికి గానీ గుర్తురాదు. ఒక్కోసారి అప్పుడూ రాదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

నేను బషీరాబాద్ మండలంలో పీఈటీని. చదువుకునే రోజుల్లో హైదరాబాదులో హాకీ ఆడాను. మా మండలం వికారాబాద్ జిల్లాకు పడమటి కొసన ఉంటుంది. నవాంద్గి స్టేషన్లో రైలెక్కి పడమరగా వెళ్తే కాసేపట్లోనే కర్ణాటకలోని సేడం వస్తుంది. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ కలగలిపి మాట్లాడే పిల్లలు మావాళ్లు. వాళ్ల తల్లిదండ్రుల్లో కందిచేలల్లో పనిచేసేవాళ్లున్నారు, బండల గనుల్లో, తాండూరు పాలిషింగ్ మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లున్నారు. ఆటలంటే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. ఆ తర్వాత అన్నీ క్రికెటే. 2021 ఆగస్టులో టోక్యోలో మన జట్టు జర్మనీని 5-4తో ఓడించి 41 ఏళ్ల తర్వాత ఒలింపిక్ పతకం తెచ్చింది. 2024లో పారిస్‌లో స్పెయిన్‌ను ఓడించి మళ్లీ కాంస్యం గెలిచింది. అప్పటినుంచి "మేడం, మనకాడ హాకీ ఎందుకు ఆడరు?" అని అడిగే పిల్లలు కనిపిస్తున్నారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు. అబ్బాయిలూ అడుగుతారు, అమ్మాయిలూ అడుగుతారు. వాళ్ల వెనకే అమ్మానాన్నలు వస్తారు. "ఏం కొనాలె మేడం, ఎంతైతది?" అంటారు.

ఏం కొనాలో చెప్పేముందు నేను వాళ్లను గ్రౌండుకు తీసుకెళ్తాను. హాకీలో ఏ సామాను కొనాలన్నది సగం నేలే నిర్ణయిస్తుంది.

టీవీలో కనిపించే హాకీ నీలం టర్ఫ్ మీద ఆడేది. ఒలింపిక్స్‌లో కృత్రిమ మైదానం మొదటిసారి పరిచింది 1976లో, మాంట్రియల్‌లో. అంతకుముందు ఒలింపిక్స్‌లో గడ్డి మీదే ఆడేవారు. ఇవాళ పెద్ద ఆటగాళ్ల చేతుల్లో చూసే కార్బన్ స్టిక్కులు, గుంటలు గుంటలుగా ఉండే బంతులు, అడుగున సన్నటి రబ్బరు బొడిపెలున్న బూట్లు అన్నీ ఆ టర్ఫ్ కోసం పుట్టినవే. మాది నల్లరేగడి నేల. ఎండాకాలం పగుళ్లు తేలుతుంది, వానాకాలం కాళ్లకు అంటుకుంటుంది. పైపెచ్చు మా ప్రాంతం బండలకు పేరు. గ్రౌండులో ఎక్కడ చూసినా రాతి పలుకులు. టర్ఫ్ కోసం చేసిన ఖరీదైన స్టిక్కును ఈ నేల మీద నెలరోజులు ఈడిస్తే దాని కొస అరిగి లోపలి పోగులు బయటికొస్తాయి. ఆ పోగులు వేళ్లలో దిగితే ముల్లు తీసినట్టు తీయడం కుదరదు. అందుకని మట్టి గ్రౌండులో ఆడే పిల్లలకు స్టిక్ విషయంలో నా మొదటి సలహా, పెద్ద ఖర్చు లేనిదే: కట్టె స్టిక్ కొనండి.

కట్టె స్టిక్ అంటే చిన్నచూపు అక్కర్లేదు. హైదరాబాదు నుంచి వెళ్లి 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో మూడుసార్లు దేశానికి ఆడిన ముకేశ్ కుమార్ తరమంతా కట్టె స్టిక్కులతోనే ఆట నేర్చుకుంది. ఎక్కువగా మల్బరీ కట్టెతో చేస్తారు. వేడితో మెత్తబరిచి వంచితే విరగకుండా వంగి నిలబడే గుణం దానికుంది. దేశవిభజనకు ముందు ఈ పనికి పెద్ద పేరు సియాల్‌కోట్‌ది. 1947లో అక్కడినుంచి వచ్చిన పనివాళ్లు జలంధర్‌లో స్థిరపడ్డారు. ఇప్పటికీ మన దుకాణాల్లో దొరికే స్టిక్కుల్లో చాలావరకు జలంధర్‌వీ, మీరట్‌వే. రక్షక్, వాంపైర్ లాంటి పేర్లు జలంధర్‌వే. కొత్తగా నేర్చుకునే పిల్లలకు పనికొచ్చే కట్టె స్టిక్ కాస్త అటూఇటూగా 400 నుంచి 900 రూపాయల్లో వస్తుంది. ఫైబర్ గ్లాస్ ఎక్కువ, కార్బన్ తక్కువ ఉండే మామూలు కాంపోజిట్ స్టిక్ 1500 నుంచి 3000 దాకా ఉంటుంది. కార్బన్ పాలు పెరిగేకొద్దీ ధర పదివేలు దాటిపోతుంది.

కార్బన్ పాలు పెరిగితే స్టిక్ బిరుసెక్కుతుంది. కొట్టినప్పుడు బంతి వేగంగా పోతుంది, నిజమే. వచ్చిన బంతిని ఆపేటప్పుడు మాత్రం అదే బిరుసు ఎదురుతిరుగుతుంది. బంతి స్టిక్కుకు తగిలి అడుగు దూరం ఎగిరిపోతుంది, అదురంతా చేతికి పాకుతుంది. పదమూడేళ్ల పిల్ల మొదటి ఆరునెలలు నేర్చుకోవలసింది కొట్టడం కాదు, ఆపడం. వచ్చిన బంతిని స్టిక్ మీద నిలబెట్టుకోవడం, దాన్ని కుడికీ ఎడమకూ తిప్పుతూ తీసుకుపోవడం, పక్కవాళ్లకు నెమ్మదిగా తోయడం. ఈ పనులకు కట్టె ఇచ్చినంత సాయం కార్బన్ ఇవ్వదు. ఊరికి దగ్గరలో టర్ఫ్ ఉండి, వారానికి నాలుగు రోజులు దాని మీద ఆడే అవకాశం ఉంటే మాత్రం 20, 30 శాతం కార్బన్ ఉన్న కాంపోజిట్ కొనవచ్చు. అంతకుమించి కొనమని దుకాణదారు ఎంత చెప్పినా తలూపకండి.

ఇక పొడవు. అన్నిటికన్నా ఎక్కువ మోసపోయేది ఇక్కడే. "పోరడు పెరుగుతున్నడు గద మేడం, జర పెద్దదే తీసుకుందం" అంటారు. స్కూలు యూనిఫాం రెండేళ్లు రావాలని లూజుగా కుట్టించినట్టు స్టిక్కును కూడా పెద్దది కొంటారు. యూనిఫాం లూజైతే మడిచి కుట్టుకోవచ్చు, స్టిక్ పొడవైతే పిల్లవాడి ఒళ్లే దానికి తగ్గట్టు వంకరపోతుంది. పైకొస పొట్టకు తగులుతూ ఉంటుంది. దాన్ని తప్పించుకోవడానికి మోచేతులు బయటికి చాస్తాడు, నడుము వంచకుండా నిటారుగా నిలబడతాడు. ఆ అలవాటు పడ్డాక మాన్పించడం నాలాంటివాళ్లకు నెలల పని. మరీ పొట్టిదైతే వీపు అతిగా వంగి నడుంనొప్పి వస్తుంది.

పెద్దవాళ్లు ఆడే స్టిక్ పొడవు ఎక్కువగా 36.5 అంగుళాలు. ఆ పొడవు దాదాపు 5 అడుగుల 3 అంగుళాలు దాటినవాళ్లకు సరిపోతుంది. 5 అడుగుల పైన ఉంటే 35, దానికి కాస్త లోపలుంటే 34, నాలుగున్నర అడుగుల దగ్గర ఉంటే 32 అంగుళాలు చూడాలి. కంపెనీల పట్టికల్లో అర అంగుళం తేడాలుంటాయి, వాటికి కంగారు పడక్కర్లేదు. అసలు పరీక్ష పట్టికలో లేదు. పిల్లను ఆట బూట్లు వేసుకుని నిటారుగా నిలబడమనండి. స్టిక్కును కాలి పక్కన నేలకు ఆనించండి. పైకొస నడుం ఎముక దగ్గరికి రావాలి. తర్వాత ఎడమచేత్తో పైకొస, కుడిచేత్తో మధ్యలో పట్టుకుని, మోకాళ్లు వంచి, ముందు ఒక బంతి ఉన్నట్టు అటూఇటూ తిప్పి చూడమనండి. ఎడమ చెయ్యి పొట్టకు తగలకుండా సులువుగా తిరిగితే అదీ ఆమె స్టిక్. అందుకే పిల్లలను ఇంట్లో ఉంచి తండ్రి ఒక్కడే వెళ్లి కొనుక్కురావడం నాకు నచ్చదు.

బరువుకు నిబంధనల్లో ఉన్న గరిష్ఠ పరిమితి 737 గ్రాములు. మన పిల్లలకు అందులో మూడొంతులు చాలు. 550 గ్రాముల దగ్గర చూడండి. కట్టెది కాబట్టి ఒక 30, 40 గ్రాములు ఎక్కువున్నా ఫరవాలేదు. అంతకన్నా బరువెక్కడుందో గమనించడం ముఖ్యం. బరువంతా వంకీ దగ్గరే ఉంటే పిల్లల మణికట్టు అరగంటలో అలిసిపోతుంది. ఒక్క ఎడమచేత్తో పైకొస పట్టుకుని స్టిక్కును నేలమీంచి లేపి, మణికట్టు తిప్పి, ముందువైపును వెనక్కి, వెనకవైపును ముందుకు తేగలగాలి. అది కష్టమైతే ఇంకొకటి చూడండి. వంకీ విషయానికొస్తే మరీ పొట్టీ మరీ పొడవూ కాని నడిమిరకం తీసుకోండి, దుకాణంలో మిడి అంటారు. స్టిక్ నడుములో ఉండే వంపు 25 మిల్లీమీటర్లు మించకూడదని నిబంధన. లో బో అనే రకం పెనాల్టీ కార్నర్లలో బంతిని లేపి విసిరేవాళ్ల కోసం చేసింది. ఇప్పుడు దాని జోలికి వద్దు.

ఏటా ఒకరిద్దరు అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడం, నాది ఎడమ చెయ్యి. నాకు వేరే స్టిక్ ఉంటదా?" ఉండదు. హాకీలో ఎడమచేతివాటం స్టిక్ అన్నదే లేదు. అందరి స్టిక్కూ ఎడమవైపే చదునుగా ఉంటుంది. గుండ్రటి వెనకవైపుతో బంతిని తాకితే ఫౌల్. ఎడమచేతివాటం పిల్లలు దీనికి బాధపడనక్కర్లేదు. ఈ ఆటలో స్టిక్కును తిప్పే పనంతా పైనున్న ఎడమ చేతిదే. వాళ్లకు ఆ చేతిలో పుట్టుకతో వచ్చిన బలం ఉంటుంది.

స్టిక్ గురించి ఇంత చెప్పినా, నా విద్యార్థి ఇంట్లో 300 రూపాయలే ఉంటే వాటితో స్టిక్ కొనమని చెప్పను. షిన్ గార్డులు కొనమంటాను. స్టిక్ స్కూల్లో ఇంకొకరిది పంచుకోవచ్చు. మోకాలి కింద ముందువైపు ఎముక మీద కండ ఉండదు, చర్మం కిందే ఎముక. మట్టి నేల మీద బంతి దారి తప్పడానికి ఒక్క రాతి పలుకు చాలు. తిన్నగా వస్తున్న బంతి ఎగిరి ముందుగా తగిలేది అక్కడే. పక్కవాడి స్టిక్ తగిలేదీ అక్కడే. ఫుట్‌బాల్ షిన్ గార్డులు ఇంట్లో ఉంటే మొదట వాటితో ఆడవచ్చు. అయితే అవి సన్నంగా, పొట్టిగా ఉంటాయి. హాకీవి వెడల్పుగా ఉండి కాలి పక్కలను కూడా కప్పుతాయి. మోకాలికి రెండు వేళ్ల కింద మొదలై చీలమండ దగ్గరిదాకా రావాలి, పైన పొడుగు మేజోళ్లు తొడిగితే కదలకూడదు. 250 నుంచి 500 రూపాయల్లో మంచివి వస్తాయి. ఆట అయ్యాక సంచిలో అలాగే పడేస్తే చెమటవాసన పట్టేసి మర్నాడు పిల్లలే తొడగడం మానేస్తారు. కడిగి నీడలో ఆరబెట్టండి.

ఆ తర్వాత మౌత్ గార్డ్. మా దగ్గర దీని పేరు విన్నవాళ్లే తక్కువ. 100, 200 రూపాయల్లో దొరికేది వేడినీళ్లలో కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. తీసి కొంచెం చల్లారాక పై పళ్లకు ఆనించి గట్టిగా కొరికితే ఆ పళ్ల అచ్చులోకి వచ్చి నిలబడుతుంది. ఒకరిది ఒకరు వాడకూడదు. అన్నదమ్ములైనా, కవలలైనా వద్దు. అమ్మాయిలను హాకీకి పంపడానికి వెనకాడే తల్లులు నాతో పైకి చదువు గురించి మాట్లాడతారు, కాసేపయ్యాక అసలు భయం బయటపెడతారు: "మూతి మీద తగిల్తే ఎట్ల మేడం, పెండ్లి కావాల్సిన పిల్ల." ఆ భయాన్ని నేను తీసిపారేయను. మౌత్ గార్డ్ తీసి చూపిస్తాను. బంతిని నేలమీంచి లేపే కొట్టుడు మొదటి ఏడాది మా గ్రౌండులో ఎవ్వరూ కొట్టరని మాటిస్తాను, ఆ మాట నిలబెట్టుకుంటాను. ఎంత జాగ్రత్తగా ఉన్నా పన్ను ఊడితే ఏం చేయాలో కూడా ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. వేరు ముట్టుకోకుండా పన్ను పైభాగం పట్టుకుని తీయాలి, రుద్ది కడగకూడదు, పాలల్లో వేసుకుని వెంటనే పళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. గంటలోపు చేరితే పన్ను మళ్లీ నిలిచే అవకాశం బాగా ఉంటుంది.

బంతుల విషయంలో తల్లిదండ్రులు ఖర్చు పెట్టనక్కర్లేదు, అది స్కూలు పని. అయినా తెలుసుకోండి. గుంటలున్న బంతి టర్ఫ్ మీది నీళ్లలో జారిపోకుండా తిన్నగా పోవడానికి చేసింది. మన మట్టిలో ఆ గుంటల్లో మన్ను నిండడం తప్ప లాభం లేదు. నున్నటి ప్లాస్టిక్ బంతి చాలు, ధర కూడా తక్కువ. టెన్నిస్ బంతితో మొదలుపెడదామనుకుంటారు. అది ఎగిరెగిరి పడుతూ పిల్లలకు తప్పుడు లెక్క నేర్పిస్తుంది. పదిమంది పిల్లలకు పది బంతులుండాలి. ఒకే బంతి వెనక ఇరవైమంది పరుగెత్తే చోట ఎవరికీ ఆట రాదు, దెబ్బలు మాత్రం తగులుతాయి. డబ్బు పోగుచేసి ఒక ఖరీదైన కార్బన్ స్టిక్ కొనే స్కూలు కన్నా అదే డబ్బుతో రెండు డజన్ల బంతులు కొనే స్కూలు పిల్లలు ముందుంటారు.

తాండూరు ప్రాంతానికి ఒక వరం ఉంది, దాన్ని మేం వాడుకుంటున్నాం. పాలిషింగ్ యూనిట్లలో అంచు విరిగిన బండలు పక్కన పడేస్తారు. నాలుగడుగులవి, మూడడుగులవి అడిగి తెచ్చుకుని, స్కూలు వెనక సందు లేకుండా పరిచి, అంచులు మట్టితో సమం చేశాం. పాలిష్ చేసిన ఆ బండ మీద బంతి ఎగరదు, పక్కకు తిరగదు. టర్ఫ్ మీద ఎలా పోతుందో ఇంచుమించు అలాగే పోతుంది. రోజూ పొద్దున పిల్లలు వంతులవారీగా వాటి మీద బంతిని కుడి ఎడమలకు తిప్పుతారు. పొడిగా ఉన్నప్పుడే వాడాలి, తడిబండ మీద కాలు జారితే తల పగులుతుంది. ఇంటి ముందు షాబాదు బండల వాకిలి ఉన్న ప్రతి పిల్లకూ ఒక చిన్న హాకీ మైదానం ఉన్నట్టే. షాబాదు అంటే గుర్తొచ్చింది. మన పక్కన కలబురిగి జిల్లాలో ఉన్నది బండల షాబాదు. హర్యానాలో మరో షాబాదు ఉంది, అది హాకీ షాబాదు. భారత మహిళల జట్టును టోక్యోలో నాలుగో స్థానం దాకా నడిపించిన రాణీ రాంపాల్ అక్కడి పిల్లే. స్టిక్ కొనే స్తోమత లేక విరిగిన స్టిక్కుతో సాధన మొదలుపెట్టానని ఆమే చెప్పుకుంది.

చేతికి గ్లవ్ ఎడమదొక్కటి చాలు. స్టిక్కును నేలకు పరిచి బంతిని ఆపేటప్పుడు ఎడమ పిడికిలి నేలకు రాసుకుంటుంది. మా రాతి నేల మీద వేళ్ల కణుపులు చెక్కుకుపోతాయి. బూట్లకు రబ్బరు స్టడ్స్ ఉన్నవి మంచివి, ఇనుప మేకులున్నవి ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. కాన్వాస్ బూట్లతో మొదలుపెట్టినా నేను అభ్యంతరం చెప్పను. ఉత్త కాళ్లతో వస్తే మాత్రం స్టిక్ ఇవ్వను.

గోల్ కీపర్ సంగతి వేరే చెప్పాలి. ఈ ఆటలో అందరికన్నా ఎక్కువ ఖర్చయ్యేది ఆ ఒక్క బిడ్డకే. జాలీ ఉన్న హెల్మెట్, గొంతుకు కవచం, ఛాతీకి, మోచేతులకు, పొత్తికడుపుకు రక్షణ, తొడలకు మెత్తలున్న నిక్కరు, చేతులకు గ్లవ్స్, కాళ్లకు లావుపాటి ప్యాడ్లు, బూట్ల మీద కిక్కర్లు. మామూలు సెట్టు కూడా పదివేలు దాటుతుంది, మంచిదైతే అంతకు రెండు మూడింతలు. కేరళలో ఒక రైతు కొడుకు స్పోర్ట్స్ స్కూల్లో గోల్ కీపరైతే, ఆ కిట్ కొనడానికి తండ్రి ఇంట్లోని ఆవును అమ్మాడు. ఆ కొడుకే పి.ఆర్. శ్రీజేష్, టోక్యోలోనూ పారిస్‌లోనూ మన గోలుకు అడ్డంగా నిలబడ్డవాడు. మన తెలుగువాళ్లలో ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన రజని ఎతిమర్పు ఉంది. వడ్రంగి ఇంటి బిడ్డ. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన హాకీ-5 ప్రపంచ కప్‌లో రజత పతకం గెలిచిన భారత మహిళల జట్టుకు ఆమే కెప్టెన్, ఆమే గోల్ కీపర్.

ఆవును అమ్మిన కథ విని నా కళ్లు చెమర్చాయి. అయినా ఏ తల్లిదండ్రీ అలా అమ్మే పరిస్థితి రాకూడదని నా పట్టుదల. గోల్ కీపర్ కిట్ ఇంటి ఖర్చు కాదు, స్కూలు ఖర్చు, ఊరి ఖర్చు. ఒక్క సెట్టు కొంటే ఏళ్ల తరబడి వచ్చే బ్యాచులన్నీ వాడుకుంటాయి. అది సమకూరేదాకా గోల్ కీపర్ లేకుండానే ఆడించండి. నిబంధనల్లోనే ఆ వీలుంది. పూర్తి రక్షణ వేసుకున్న గోల్ కీపర్ ఉండాలి, లేదా పదకొండుమందీ మామూలు ఆటగాళ్లే ఉండాలి. కొత్తవాళ్లకు ఇంకా చిన్న మైదానంలో, జట్టుకు ఐదుగురు చొప్పున, ప్లాస్టిక్ కోన్లు గోలుగా పెట్టి ఆడించడం మేలు. ఎవరికీ పని లేకుండా నిలబడే తీరిక ఉండదు. క్రికెట్ ప్యాడ్లు కట్టి ఒక పిల్లాడిని గోల్లో నిలబెట్టి మిగతావాళ్లను కొట్టమనడం మాత్రం ఎక్కడ కనిపించినా ఆపండి. క్రికెట్ ప్యాడ్ వెనక పిక్క, పైన తొడ, కింద పాదం ఖాళీగా ఉంటాయి. క్రికెట్ హెల్మెట్ జాలీ కింద గొంతు ఖాళీగా ఉంటుంది.

శ్రీజేష్, రజని లాంటివాళ్ల కథలు పత్రికల్లో వచ్చినప్పుడల్లా ఇంకో మాట వినిపిస్తుంది: జార్ఖండ్‌లోని సిమ్డెగాలో పిల్లలు వెదురు కర్రలతో ఆడి దేశానికి ఆడే స్థాయికి ఎదిగారు, మీకు స్టిక్కులెందుకు అని. సిమ్డెగా మాట నిజమే. అక్కడినుంచి వచ్చిన సలీమా టేటే 2024లో భారత మహిళల జట్టు కెప్టెన్ అయ్యింది. చిర్రగోనె ఆడిన మన పిల్లలకూ కర్ర తిప్పడం కొత్త కాదు. అయితే వెదురు కర్రతో మొదలుపెట్టి పైకొచ్చినవాళ్ల పేర్లే మనకు తెలుస్తాయి. అదే కర్ర చీలి చేతికి గుచ్చుకుని, అదే బంతి కాలికి తగిలి ఆట మానేసిన పిల్లల పేర్లు ఏ పత్రికలోనూ రావు. లేమిని గెలిచినవాళ్లను గౌరవించాలి. లేమినే శిక్షణ పద్ధతిగా మార్చకూడదు.

ఎక్కడ కొనాలని అడుగుతారు. తాండూరులో క్రికెట్ సామాను దొరికినంత తేలిగ్గా హాకీ సామాను దొరకదు. ఒక రోజు పెట్టుకుని రైలెక్కి హైదరాబాదు వెళ్లడమే మంచిది. బషీర్‌బాగ్‌లో ఎల్బీ స్టేడియం పరిసరాల్లో, కాచిగూడలో ఆట సామాన్ల దుకాణాలున్నాయి. ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లిదండ్రులు కలిసి వెళ్తే బేరం కూడా కుదురుతుంది. కట్టె స్టిక్ చేతిలోకి తీసుకోగానే వంకీ మీద గీతలను చూడండి. కట్టె నారలు వంపు వెంట వంపు తిరిగి ఉండాలి. అడ్డంగా తెగి ఉంటే మొదటి గట్టి దెబ్బకే విరుగుతుంది. వంకీని నేలకు మెల్లగా తట్టి వినండి. గట్టి స్టిక్ ఖణీమంటుంది, లోపల చీలిక ఉన్నది బొంగురుపోతుంది. ఆన్‌లైన్లో కొంటే ఈ పరీక్షలేవీ కుదరవు. షిన్ గార్డులు, మౌత్ గార్డ్ అక్కడ కొనండి, స్టిక్ మాత్రం చేత్తో పట్టుకుని కొనండి. ఇంటికి తెచ్చాక వంకీ కింది అంచుకు గుడ్డ టేపు ఒక వరస చుట్టండి. నిబంధనల ప్రకారం టేపు చుట్టాక కూడా స్టిక్ 51 మిల్లీమీటర్ల రింగులోంచి దూరాలి, కాబట్టి లావుగా చుట్టకూడదు. అరిగినప్పుడల్లా టేపు మారిస్తే కట్టె స్టిక్ రెండు సీజన్లు వస్తుంది. తడిస్తే తుడిచి నీడలో పడుకోబెట్టండి. ఎండలో గోడకు ఆనిస్తే వంగిపోతుంది.

వాడిన స్టిక్ దొరికితే తీసుకోవడానికి మొహమాటం వద్దు. వంకీ చుట్టూ వేలు పోనిచ్చి చూడండి, గోరుకు చీలిక తగలకూడదు. కాంపోజిట్ అయితే ఊపి చూడండి, లోపల గలగల వినిపిస్తే వదిలేయండి. ఎన్ని దెబ్బలు తిన్నదో తెలియని బయటి హెల్మెట్, ఒకరు వాడిన మౌత్ గార్డ్ మాత్రం ఎవరిచ్చినా వద్దు.

మొత్తం లెక్క చెప్పమంటే, షిన్ గార్డులు, మౌత్ గార్డ్, కట్టె స్టిక్, ఎడమ చేతికి గ్లవ్ కలిపి ఒక పిల్లకు 1000 నుంచి 1800 రూపాయలు. బూట్లు వేరే. ఈ డబ్బు మా మండలంలో చాలా ఇళ్లకు చిన్నది కాదని నాకు తెలుసు. అందుకే ఒకేసారి కొనొద్దంటాను. ఈ నెల కాళ్లకు, వచ్చే నెల పళ్లకు, పిల్లకు ఆట మీద మనసు నిలిచిందని తెలిశాక చేతికి. ఆరునెలలు ఆడిన తర్వాత కూడా కళ్లల్లో అదే ఆశ కనిపిస్తే అప్పుడు మంచి స్టిక్ గురించి మాట్లాడుకోవచ్చు.

హైదరాబాదు, సికింద్రాబాదుల్లో ఒకప్పుడు హాకీ ఆడి మానేసినవాళ్లు వేలల్లో ఉంటారు. రైల్వేలో, సైన్యంలో, బ్యాంకుల్లో, కాలేజీ జట్లలో ఆడినవాళ్లు. మీ ఇంటి అటక మీద చీలిక లేని స్టిక్కులుంటే, మీ పిల్లలు పెరిగిపోగా మిగిలిన చిన్న సైజువి ఉంటే, దగ్గర్లోని ఏ ప్రభుత్వ పాఠశాల పీఈటీకైనా ఇవ్వండి. వికారాబాద్ వైపు రైలెక్కే పని ఉంటే ఇంకా సంతోషం. 32, 34 అంగుళాలవి మాకు ఎప్పుడూ తక్కువే.